మహారాణి వానమాంబకు షోకాజ్ నోటీసు

మహారాణి వానమాంబగారికి షోకాజ్ నోటీసు అందజేసినవాణ్ణి నేనే. ఈ గౌరవం చరిత్రలో ఇంకెవరికీ దక్కలేదనుకుంటాను. ఆవిడ పోయి పదకొండు వందల ఏళ్ళు దాటింది కాబట్టి అందినట్టు సంతకం పెట్టలేదు. "స్వీకరించుటకు నిరాకరించినది" అని రాసి, ఇద్దరు సాక్షులచేత సంతకాలు పెట్టించి, నోటీసును ఆవిడ పీఠానికి జిగురుతో అతికించాను. రూలు అలాగే ఉంది మరి.

నా పేరు జామి సూర్యప్రకాశం. జిల్లా మ్యూజియంలో క్యూరేటర్ని. పెద్ద ఉద్యోగమనుకునేరు, రాళ్ళకు కాపలా అంతే. పంతొమ్మిదేళ్ళుగా రాళ్ళ మధ్య ఉంటున్నాను. ఒక్క రాయి కూడా నన్ను విసిగించలేదు. మనుషుల గురించి ఆ మాట చెప్పలేను.

మా మ్యూజియంలో చెప్పుకోదగ్గ వస్తువు ఒక్కటే ఉంది. మూడున్నర అడుగుల నల్లరాతి బొమ్మ. పొట్టి మనిషి, గట్టి మనిషి. వెడల్పు ముక్కు, నిండు బుగ్గలు, అయిదుగురు పిల్లల్ని కన్న పొట్ట. చీర గోచీ పోసి కట్టి, మోకాళ్ళదాకా బురదలో నిలబడి, చేతిలో కొలకర్ర పట్టుకుని ఉంటుంది. మెడలో ఒక పూసలపేరు తప్ప ఒంటిమీద నగ లేదు. పీఠంమీద నాలుగు పంక్తుల శాసనం. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఇది: "నేను వానమను. ఈ సీమకు రాణిని. పాలవాగుకు ఈ తూము దగ్గరుండి కట్టించాను. ఈ బొమ్మను నేను చూశాను. నా పోలికే. దీన్ని ఎవరూ మార్చవద్దు. తూమును ఎవరూ మూయవద్దు."

ఇంతకంటే స్పష్టంగా చెప్పిన రాజుగాని రాణిగాని నాకు తెలియదు. మిగతావాళ్ళంతా తమను ఇంద్రుడితోనో చంద్రుడితోనో పోల్చుకుని చచ్చారు.

ఈ రాయి మొదట తూములపాడులో, ఆ తూము పక్కనే ఉండేది. నలభై ఏళ్ళ కిందట మా శాఖవారు "పరిరక్షణార్థం" అని లారీలో వేసుకుని తెచ్చేశారు. ఆ తూము ఇప్పటికీ పనిచేస్తోంది. ఏటా తొలకరి పడ్డాక తూము తెరిచేముందు, ఆ ఊరి ఆడవాళ్ళు వాగులోని బురద రాణి కాళ్ళకు పూయాలి. అది వాళ్ళ ఆచారం, "వానమ్మకి బురద పెట్టడం" అంటారు. రాయి ఊళ్ళో లేదు కాబట్టి సత్తు గిన్నెలో బురద పట్టుకుని బస్సెక్కి మ్యూజియానికి వస్తారు. వాళ్ళ పెద్ద అసిరమ్మ. డెబ్బై దాటిన మనిషి, టిక్కెట్టు అడిగితే నన్నే ఎగాదిగా చూస్తుంది. వాళ్ళు వెళ్ళిన వెంటనే బురద కడిగేయాలని రూలు. నేను కడగను. ఎండి దానంతటదే రాలేదాకా ఉంచేస్తాను. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో నేను చేసిన తిరుగుబాటు అదొక్కటే.

ఇక సినిమాల సంగతి చెప్పాలి. గొడవంతా వాటితోనే వచ్చింది.

వానమాంబమీద ఇంతవరకూ నాలుగు వచ్చాయి. మొదటిది నలుపు తెలుపుల కాలంలో. అందులో రాణిగారు మొత్తం వీణ ముందు కూర్చుని ఏడుస్తారు. భర్త యుద్ధానికి వెళితే ఏడుపు, తిరిగొస్తే ఆనందబాష్పాలు. తూము ప్రసక్తి లేదు, ఆ కన్నీళ్ళు చాలు పొలాలకు. రెండోది రంగులొచ్చాక. ఇందులో రాణి బిగుతు ప్యాంటు వేసుకుని, కొరడా పట్టుకుని, గుర్రం దిగకుండా పన్నెండుమందిని కొడుతుంది. పేరులో వాన ఉంది కాబట్టి వానలో రెండు పాటలు. మూడోది టీవీ సీరియల్, మూడు వందల పన్నెండు భాగాలు. అందులో అత్తగారు పాలలో విషం కలుపుతుంది, ఉరుము ఉరుముతుంది, రాణిగారి మొహాన్ని మూడు వైపులనుంచి చూపిస్తారు, ఆ రోజుకు అంతే. నగల బరువుకు పాపం ఆ అమ్మాయి మెడ తిప్పలేకపోయేది. నాలుగోది మొన్నీమధ్య వచ్చిన గ్రాఫిక్స్ సినిమా. పిడికిట్లో పట్టే నడుముతో రాణి కూలుతున్న కోటమీదనుంచి ఎగిరి ఏనుగుమీద వాలుతుంది. ఏనుగు కూడా గ్రాఫిక్సే కనక ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆ నాలుగో సినిమా ఆడినన్నాళ్ళూ మా మ్యూజియానికి జనం విరగబడ్డారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే రాయి ముందు ఆగి బిక్కమొహం వేసేవారు.

"ఈమె పనిమనిషా సార్? రాణిగారు లోపలున్నారా?" అని అడిగాడు ఒకాయన, పెళ్ళాంపిల్లలతో వచ్చి.

"ఈవిడే రాణిగారండీ."

"ఊరుకోండి సార్, మేం సినిమా చూశాం," అన్నాడాయన, నేనేదో అబద్ధమాడినట్టు.

ఇది గోరంత. దీన్ని కొండంత చేసినవాడు వానమాంబ వీరాభిమానుల సంఘం అధ్యక్షుడు బలగ తిరుపతి. నాలుగో సినిమాలో వేసిన నటి నిలువెత్తు కటౌట్‌కు పాలాభిషేకం చేసి, ఆ పాలచేతులతోనే మ్యూజియానికి వచ్చాడు. అప్పటికి రెండు రోజుల ముందే అసిరమ్మవాళ్ళు వచ్చి వెళ్ళారు.

"మా తల్లి కాళ్ళకు బురదా!" అని గావుకేక పెట్టాడు తిరుపతి. "ఈ లావేంటి? ఈ ముక్కేంటి? మా మనోభావాలు దెబ్బతిన్నాయి!"

ఈ రోజుల్లో మనోభావం ఒకసారి దెబ్బతిందంటే దానికి కట్టు కట్టడానికి ఒక ప్రభుత్వ సంస్థ కావాలి. నెల తిరక్కుండా "మహారాణి వానమాంబ రూప ఏకీకరణ ప్రాధికార సంస్థ" పుట్టింది. దానికి ఒక భవనం, ఒక బోర్డు, ఒక జీపు వచ్చాయి. వానమాంబ చిత్రమైనా, విగ్రహమైనా, బడిపిల్లల వేషమైనా "ఆమోదిత రూపం"తో నూటికి డెబ్బై పాళ్ళు సరిపోలాలి, లేకపోతే తగు చర్య తీసుకోబడును. ఇదీ చట్టం. ఆమోదిత రూపం ఏదో ఇంకా ఎవరికీ తెలియదు. చట్టం మాత్రం ముందే వచ్చేసింది.

చైర్మన్‌గా డాక్టర్ వేదుల పురుషోత్తంగారిని వేశారు. డెబ్బై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి, మాట్లాడితే దండకం చదివినట్టుంటుంది. సభ్యుల్లో రిటైరైన పోలీసు అధికారి ఒకరు, మహిళా ప్రతినిధి ఒకరు, మనోభావాల తరఫున తిరుపతి. రాయికి సంరక్షకుణ్ణి కాబట్టి నన్ను "ప్రత్యేక ఆహ్వానితుడు" అన్నారు. అంటే కాఫీ ఇస్తారు, మాట వినరు.

మొదటి సమావేశం మూడు రోజులు జరిగింది. మూడు రోజులూ సినిమాలు చూశారు. చైర్మన్‌గారు నలుపు తెలుపు రాణిని చూసి ఉత్తరీయంతో కళ్ళొత్తుకున్నారు.

"రాణి అనగా కరుణ. కరుణ అనగా కన్నీరు. నేను కళాశాలలో చదువుకునే రోజుల్లో ఈ చిత్రాన్ని పదిహేడు పర్యాయములు దర్శించితిని. ఇదియే ప్రామాణికం," అన్నారు.

"గుర్రం లేకుండా రాణేమిటండీ?" అన్నాడు పోలీసాయన. ఆయన కుర్రతనంలో వచ్చింది రెండోది. "శాంతిభద్రతలు ఎవరు చూస్తారు?"

మహిళా ప్రతినిధిగారు సీరియల్ నగలు వదిలేది లేదన్నారు. తిరుపతి బల్లమీద గుద్ది, నడుము విషయంలో రాజీ పడితే జిల్లా బంద్ అన్నాడు. ఎవరికి మీసాలొచ్చిన వయసులో ఏ బొమ్మ ఆడిందో వాళ్ళకు ఆ బొమ్మే చరిత్ర. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టుంది వ్యవహారం. ఇక్కడ నాలుగు కుందేళ్ళు, ఎవరి కుందేలుకు ఎన్ని కాళ్ళో ఎవరికీ తెలియదు.

నేను ఉండబట్టలేక చెయ్యెత్తాను. "అసలు రాయి ఉంది కదండీ. ఆవిడ బతికుండగా, ఆవిడే చూసి చెక్కించుకున్నది."

గదిలో అందరూ నావైపు జాలిగా చూశారు.

"సూర్యప్రకాశంగారూ," అన్నారు చైర్మన్ ఎంతో మృదువుగా, "రాయి అనునది ఒక అభిప్రాయం మాత్రమే. మనకు కావలసినది ఏకాభిప్రాయం."

ఏకాభిప్రాయం మూడో రోజు సాయంత్రానికి కుదిరింది. కళ్ళు మొదటి సినిమావి, కాస్త తడిగా. ముక్కు, గుర్రం రెండో సినిమావి. నగలు సీరియల్‌వి. నడుము, ఒంటిరంగు నాలుగోదానివి. కంప్యూటర్ దగ్గర కూర్చునే హారిక అనే అమ్మాయి ఈ ముక్కలన్నీ కలిపి తెరమీద ఒక రాణిని చేసింది. ఆ బొమ్మకు నడుముమీద ఒళ్ళు నిలుస్తుందా అని నాకు అనుమానం వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమోదిత రూపం వెలిసింది.

ఆ తర్వాత పరీక్షలు. ఏ ఫొటో అయినా పెడితే, అది ఆమోదిత రూపానికి నూటికి ఎంత సరిపోలిందో హారిక యంత్రం అంకె చూపిస్తుంది. ఏ రెండు బొమ్మలైనా ఎదురెదురుగా పెట్టి కూడా చూడొచ్చు. నలుగురు నటీమణులూ ముప్పైకి, నలభైకి మధ్య వచ్చారు. వాళ్ళు కళాకారులు కనక మినహాయింపు ఇచ్చారు. చివరికి మా రాయి ఫొటో పెట్టారు.

"మూడు శాతం సార్," అంది హారిక మెల్లగా. "ఆ మూడూ చెవులు."

మర్నాటికి నోటీసు తయారు. "శ్రీమతి శిలావిగ్రహం, ద్వారా క్యూరేటర్" అని చిరునామా. అభియోగాలు మూడు. ఒకటి, మహారాణివారిని స్థూలకాయులుగా చూపి కించపరచుట. రెండు, అనుమతి లేని ముక్కు కలిగియుండుట. మూడు, ఆభరణములు లేకుండా బురదలో నిలబడి పదవికి అప్రతిష్ఠ తెచ్చుట. పదిహేను దినములలో వివరణ ఇవ్వవలెను, విచారణకు స్వయముగా హాజరుకావలెను.

స్వయముగా అన్నారు కాబట్టి తీసుకువెళ్ళాను. నలుగురు మనుషులు, ఒక తోపుడుబండి. సమావేశమందిరంలో కుర్చీ చూపించారు. రాయి కుర్చీలో కూర్చోదు, నిలబడి చెక్కారు దాన్ని. "విచారణాధికారుల ఎదుట కూర్చోకుండుట వినయమునకు చిహ్నం," అని చైర్మన్‌గారు మెచ్చుకుని హాజరుపట్టీలో టిక్కు పెట్టించారు.

"తమపై మోపబడిన అభియోగములకు తమరి సమాధానమేమి?"

రాయి ఏమంటుంది? ఫ్యాను తిరుగుతోంది. అందరూ రాయినే చూస్తున్నారు. నాకు ఒక్క క్షణం, ఆ కొలకర్ర లేస్తే బాగుండునని గట్టిగా అనిపించింది.

"మౌనం అర్ధాంగీకారం. నమోదు చేయుడు," అన్నారు చైర్మన్. "అనగా సగం అంగీకరించినట్లు. మిగతా సగం సంరక్షకులైన మీరు అంగీకరించినచో పని పూర్తియగును."

"నేను అంగీకరించనండీ. శాసనం చదవండి. ఇది నా పోలికే, మార్చవద్దు అని ఆవిడే రాయించింది."

"దానిపై గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉన్నదా?"

"పదకొండు వందల ఏళ్ళ కిందటిదండీ!"

"కాలము మాట అటుంచుడు. ధ్రువీకరణ ఉన్నదా, లేదా?"

"లేదు."

"స్వీయ ధ్రువీకరణ చెల్లదు," అన్నాడు పోలీసాయన. "ప్రతి నేరస్థుడూ అదే చెబుతాడు, నేను నేనే అని."

తీర్పు వెంటనే వచ్చింది. దయగల తీర్పే. పగలగొట్టమనలేదు, "సవరణ" అన్నారు. ఒక శిల్పిని పిలిపించి, నడుముకు ఇరుపక్కలా నాలుగేసి అంగుళాలు తగ్గించాలి. ముక్కు సన్నంగా చెక్కాలి. బురద ఉన్నచోట పద్మం తేవాలి. కొలకర్రను కత్తిగా మార్చాలి. మార్చవద్దన్న శాసనం "అభ్యంతరకరం" కనక అరగదీసేయాలి. ముహూర్తం వచ్చే గురువారం పొద్దున పది గంటలకు. సంరక్షకుడు రాయిని శిల్పికి అప్పగించి రసీదు పుచ్చుకోవాలి.

నాకు అరికాలిమంట నెత్తికెక్కింది. ఎక్కి ఏం లాభం? గుమాస్తా కోపం కాఫీ చల్లారేదాకానే. రాయిని మళ్ళీ బండిమీద తెచ్చి మ్యూజియంలో పెట్టించాను. ఒక గుడ్డ తీసుకుని ఆవిడ మొహం తుడిచాను. ఆ వెడల్పు ముక్కు నా వేళ్ళకు తగిలింది. దీన్నా చెక్కేది! నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

మంగళవారం అసిరమ్మ వచ్చింది. బురద పెట్టే రోజు కాదు. వార్త ఊరికి పాకింది.

"ఏటి బాబూ, మా వానమ్మని సెక్కేత్తారంట, నిజివేనా?"

"నిజమే అసిరమ్మా. గురువారం."

"ఏటి తప్పు సేసింది?"

"లావుగా ఉందిట."

అసిరమ్మ రాయి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుని, "పొట్ట లేకుండా పిల్లల్నెలాగ కంటాదేటి? గోచీ కట్టకుండా బురదలోకెలాగ దిగుతాది? ఆల అమ్మలు అలాగే ఉంటారేటి, సినిమాలో బొమ్మల్లాగ?" అంది.

"నన్నడిగితే ఏం చెప్పను. వాళ్ళు చూసిన రాణి వేరు."

"మరలాగైతే గొడవేటి?" అంది ఆవిడ చాలా మామూలుగా. "ఆలకి నచ్చినావిడే రాణని రాసుకోమను. ఈవిడ కాదని రాసీమను. కానావిడ ముక్కుతో ఆలకేటి పని? మాకిచ్చీమను, మా తూము కాడెట్టుకుంటాం."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పంతొమ్మిదేళ్ళు రూల్సు పుస్తకం కింద నలిగినవాణ్ణి, నాకు తోచని పాయింటు సత్తు గిన్నె మనిషికి తోచింది.

ఆ మధ్యాహ్నం కూర్చుని ఒక నోట్ రాశాను. నా జీవితంలో రాసిన ఉత్తమ సాహిత్యం అదే. "పైన ఉదహరించిన విషయమై సవినయముగా మనవి. సదరు శిలకు ఆమోదిత రూపముతో పోలిక మూడు శాతం మాత్రమేనని గౌరవ సంస్థవారే నిర్ధారించియున్నారు. కావున సదరు శిల మహారాణివారిది కాదని తేటతెల్లమగుచున్నది. మహారాణివారు కాని స్త్రీల నడుములను సవరించుటకు చట్టము అధికారమిచ్చుట లేదు. ఇచ్చినచో జిల్లాలోని స్త్రీలందరికీ వర్తించు ప్రమాదమున్నది. తగు ఉత్తర్వులకై సమర్పించడమైనది."

బుధవారం చైర్మన్‌గారు దాన్ని రెండుసార్లు చదివారు. చెమట నా వీపుమీద కాలవ కట్టింది.

"భేష్!" అన్నారు చివరికి. "సమస్యకు మూలమే పోయినది. పోలిక లేనప్పుడు పోల్చుట ఏల? అయితే పీఠముపై వానమ అని పేరున్నదే?"

నేను నోరు తెరిచేలోగా తిరుపతి అందుకున్నాడు. "పేరు రాసుకుంటే రాణి అయిపోద్దా సార్? మా వీధిలో కుక్క పేరు రాజా!"

తిరుపతికి నేను జన్మలో మొదటిసారి మనసులో దండం పెట్టాను.

గురువారం పది గంటలకు శిల్పి ఉలితో వచ్చి, ఉత్తర్వు చదివి, టీ తాగి వెళ్ళిపోయాడు. రాయి ముందున్న "మహారాణి వానమాంబ" అన్న పలక నా చేతులతోనే ఊడదీసి కొత్తది బిగించాను. "గుర్తు తెలియని స్త్రీ. కూలీ కావచ్చు." ముక్కు దక్కింది, పేరు పోయింది. ఆ పూట అన్నం సయించలేదు.

మా శాఖ రూల్సులో గుర్తు తెలియని వస్తువులకు ఒక పద్ధతి ఉంది. పత్రికలో ప్రకటన వేయాలి. ముప్పై రోజుల్లో హక్కుదారులు ఎవరైనా వచ్చి రుజువు చూపిస్తే అప్పగించేయాలి. ప్రకటన వేశాను. పడ్డ మర్నాడే అసిరమ్మ వేలిముద్ర వేసిన అర్జీతో వచ్చింది. బంధుత్వానికి రుజువు కావాలి, పోలికలు తేల్చేది సంస్థే కాబట్టి మా శాఖవారు ఆ అర్జీని అక్కడికి పంపారు. మళ్ళీ అదే మందిరం, అదే ఫ్యాను.

"ఈ శిలకును నీకును గల సంబంధమేమి?" అన్నారు చైర్మన్.

"మావోళ్ళే బాబు."

"రుజువు?"

"రుజువేటి? మొకం సూడండి. మా అమ్మది అదే ముక్కు. మా మనవరాలిదీ అదే ముక్కు. మా ఊరోళ్ళందరిదీ అదే ముక్కు."

సంస్థ దగ్గర రుజువులు తేల్చడానికి ఉన్నది ఒక్క యంత్రమే. హారిక అసిరమ్మను ఫొటో తీసి, రాయి పక్కన పెట్టి మీట నొక్కింది. గిరగిర తిరిగి తెరమీద అంకె పడింది.

"ఎనభై ఒకటి సార్," అంది హారిక. అని అసిరమ్మ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

శాసనం చెప్పినట్టు ఆ బొమ్మ నిజం పోలికేనని ఆ అంకె చెబుతోంది. మందిరంలో అది హారికకు, నాకు తప్ప ఎవరికీ తట్టలేదు. తిరుపతి ఫోన్‌లో ట్రైలర్ చూసుకుంటున్నాడు. చైర్మన్‌గారు కలం తీసి, "డెబ్బై దాటినది. సంతృప్తికరం. బంధుత్వము ధ్రువీకరించడమైనది," అని రాసి, సంతకం పెట్టి, రౌండు సీలు వేయించి కాగితం అసిరమ్మకు ఇప్పించారు. ధ్రువీకరణ లేదని శాసనాన్ని తోసిపుచ్చిన మహానుభావుడు, ఆ ధ్రువీకరణ తానే చేసి ఇంటికెళ్ళి భోంచేశారు.

రాయి తూములపాడు చేరింది. మ్యూజియంలో దాని చోట ఆమోదిత రూపంలో ఫైబరు విగ్రహం పెట్టారు. నేను అనుకున్నట్టే రెండో నెలలో నడుము దగ్గర విరిగింది. ఇనప కడ్డీ వేసి నిలబెట్టాం.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కాని అయిదో సినిమా మొదలైంది.

ఈసారి సంస్థ ఆశీస్సులతో తీస్తున్నారు. రాణి తూము ప్రారంభించే దృశ్యం అసలు తూము దగ్గరే తీయాలని డైరెక్టర్‌గారి పట్టుదల. చరిత్ర సలహాదారుగా నన్ను డెప్యుటేషన్ మీద పంపారు. నా సలహా ఒక్కటే అడిగారు, భోజనాలు ఎక్కడ బాగుంటాయని.

కొత్త హీరోయిన్ పాతికేళ్ళ పిల్ల, మర్యాదస్థురాలు. ఆమె పాదాలకు బురద అంటకుండా వాగు గట్టు నుంచి తూము దాకా చెక్కలు పరిచి, చెక్కలమీద ఎర్ర తివాచీ వేశారు. నడుముకు పట్టీలు బిగించడంతో ఊపిరాడక అలసిపోయి, షాటుకీ షాటుకీ మధ్య మా రాయి పక్కన నీడకు కూర్చునేది. ఒకసారి నన్నడిగింది.

"ఈవిడెవరండీ? మొహం భలే ఉంది."

పక్కనే సంస్థ తాలూకు మనిషి నిలబడి ఉన్నాడు. రిజిస్టర్లో ఉన్నదే చెప్పాలి నేను. "గుర్తు తెలియని స్త్రీ అమ్మా," అన్నాను. అన్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

ఊరి ఆడవాళ్ళు నలభైమందిని కూలివాళ్ళ వేషానికి తీసుకున్నారు. వేషమంటే ఏమీ లేదు, వాళ్ళు వచ్చినట్టే వచ్చారు. పని చిన్నది. హీరోయిన్ తివాచీమీద నడిచొచ్చి కత్తి ఎత్తగానే, తూము తెరుచుకుంటుంది, అప్పుడు వీళ్ళు ఆమెవైపు తిరిగి దండం పెట్టి "జై మహారాణి" అనాలి.

కెమెరా తిరిగింది. ఆ పిల్ల కత్తి ఎత్తింది. తూము లేచి నీళ్ళు దూకాయి. నలభైమంది ఆడవాళ్ళూ ఒక్కసారిగా అటు తిరిగి, వంగి, దోసిట్లో బురద తీసుకున్నారు. రాయి కాళ్ళకు పూసి దండం పెట్టారు. అలవాటు! నీళ్ళు దూకితే వాళ్ళ చేతులకు ఇంకో పని తెలియదు.

"కట్! కట్! అటు కాదమ్మా, రాణిగారు ఇటున్నారు!" అని మైకులో అరిచాడు డైరెక్టర్.

మళ్ళీ తీశారు. మళ్ళీ అటే తిరిగారు. ఆరోసారికి డైరెక్టర్ మైకు విసిరికొట్టి, బురద తొక్కుకుంటూ అసిరమ్మ దగ్గరికి వచ్చాడు. వెనకాలే ఆయాసపడుతూ సంస్థ మనిషి వచ్చాడు.

"ఏమ్మా, అంత పెద్ద రాణిగారు ఎదురుగా నిలబడితే, మీరెవరికి దండాలు పెడుతున్నారు? మహారాణివారి చిత్రీకరణకు అంతరాయం కలిగించడం నేరం, తెలుసా?" అన్నాడు సంస్థ మనిషి. "ఈవిడ రాణి కాదని మేము ఉత్తర్వు ఇచ్చాం!"

అసిరమ్మ బురద చేతులు కొంగుకు తుడుచుకుంది. రాయి పక్కన, రాయి నిలబడినట్టే నిలబడింది. రొండిన దోపుకున్న సంచీలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి విప్పి, రౌండు సీలు అతని మొహం ముందు పెట్టింది.

"రాణని నానన్నానేటి బాబూ? మా బందువు. మీరే రాసిచ్చినారు. సూసుకోండి, కాయితం ఉంది."